క్రొత్త ట్రాక్టరును ఎవరి చేతి కప్పగింపవలెను?

ఎద్దుల జతను కొనునప్పుడు మన రైతు పండ్లు చూచి, సుడులు చూచి, అరక కట్టి నాలుగు చాళ్ళు దున్నించి, పదిమందిని విచారించిన పిమ్మట గాని బేరము తెగనీయడు. కొన్న తరువాత వానికి జబ్బు చేసిన ఎవరిని పిలువవలెనో కూడ వానికి తెలియును. కాని లక్షల కొలది రూపాయలు అప్పు తెచ్చి ట్రాక్టరు కొన్న రైతునకు దానిని ఎవరిచేత చూపించుకొనవలెనను విషయమున నిశ్చయము కానరాదు. "మా వర్కుషాపునకే తేవలెను, బయటివాని చేయి పడిన వారంటీ పోవును" అని డీలరు చెప్పును. "అక్కడ రెండింతలు గుంజుదురు, నేను సగములో చేసెదను" అని ఊరి మెకానిక్కు చెప్పును. ఇద్దరి మాటలోను కొంత నిజము కలదు. ఇద్దరికిని తమ తమ లాభమును కలదు. నడుమ నష్టపడువాడు రైతే. కావున ఈ విషయమును గూర్చి మా యభిప్రాయమును సంఘ సభ్యుల యెదుట నుంచుచున్నాము.

ఇది నాలుగు వందల రూపాయల కూలి మిగులుటను గూర్చిన చిన్న ప్రశ్న యని కొందఱు తలంపవచ్చును. అట్లు కాదు. సేద్యమునకు అదను, పదును అను రెండును ప్రాణములు. తొలకరి వాన కురిసిన పిమ్మట మెట్ట భూములలో పదును ఉండునది కొలది దినములు మాత్రమే. ఆ దినములలో ట్రాక్టరు వర్కుషాపులో నిలిచెనా, ఆ పంట విత్తనము వెనుకబడును. మాగాణిలో నారు ముదురుచుండగా దమ్ము ఆగెనా, దిగుబడి తగ్గును. బ్యాంకువాని వాయిదా మాత్రము ఆగదు. కావున మరమ్మతు ఎవరు చేసిరను దానికంటె, మరమ్మతు అవసరమే రాకుండ ఎవరు కాపాడిరనునది ముఖ్యము.

మొట్టమొదట ఒక సంగతిని గ్రహింపవలెను. కారునకు సర్వీసును కిలోమీటరులతోను నెలలతోను లెక్కింతురు. ట్రాక్టరునకు గంటలతో లెక్కింతురు. అందుకే ముందుభాగమున గంటల మీటరు అమర్చబడియుండును. సాధారణముగా మొదటి సర్వీసు సుమారు 50 గంటలకును, తరువాతివి 250 గంటల కొకటి చొప్పునను ఉండును. ఆయా కంపెనీల లెక్కలు కొంచెము వేఱుగా నుండవచ్చును గనుక మీ పుస్తకములోని లెక్కయే మీకు ప్రమాణము. దినమునకు పది గంటలు దున్నువానికి 50 గంటలు అయిదు దినములలో గడచిపోవును. 250 గంటలు నెల తిరుగకముందే పూర్తియగును. "కొని రెండు నెలలైన కాలేదు, అప్పుడే సర్వీసేమి?" యని యుపేక్షించువారు ఈ లెక్కను మఱచినవారు. క్రొత్త యింజనులో భాగములు ఒకదానితో నొకటి ఒరసికొని సర్దుకొనునప్పుడు సన్నని లోహపు రజను ఆయిలులో కలియును. మొదటి సర్వీసున ఆ ఆయిలును, ఫిల్టరును మార్చి, సడలిన బోల్టులను బిగించి, వాల్వుల సందును సరిచూతురు. ఈ యొక్క సర్వీసును దాటవేసినవాడు యింజను ఆయుస్సును తన చేతులతో తగ్గించుకొనుచున్నాడు.

ఇక వారంటీ యనగా నేమి? కర్మాగారములో జరిగిన లోపమువలన చెడిన భాగమును ఇన్ని యేండ్ల లోపున లేదా ఇన్ని గంటల లోపున, ఏది ముందు వచ్చిన దాని వఱకు, ఉచితముగా మార్చి యిత్తుమని కంపెనీ చేయు వాగ్దానము. అది సర్వరోగ నివారిణి కాదు. క్లచ్చి ప్లేటు, బ్రేకు లైనింగులు, బెల్టులు, ఫిల్టరులు మొదలైన అరిగిపోవు వస్తువులు సాధారణముగా దానిలో చేరవు. టైరులకును, బ్యాటరీకిని వానిని చేసిన కంపెనీలే వేఱుగా పూచీపడును. "ఉచిత సర్వీసు" కూపనులందు కూడ సాధారణముగా ఉచితమైనది కూలి మాత్రమే. ఆయిలు, ఫిల్టరుల వెల రైతే యిచ్చుకొనవలెను. ఈ సంగతి తెలియక మొదటి బిల్లు చూచి మోసపోయితిమని కోపించి, రెండవ సర్వీసునకే ఊరి మెకానిక్కును ఆశ్రయించువారు కలరు. కోపము వచ్చుట సహజమే. కాని వారంటీ పుస్తకమును కొన్ననాడే చదివినచో ఆ కోపమే రాదు. చదువు రానివారు చదివిన కుమారునిచేత నైనను, సంఘ కార్యదర్శిచేత నైనను చదివించుకొనవలెను.

మా మొదటి యభిప్రాయ మిది. వారంటీ కాలము ముగియు వఱకు గంటల లెక్కప్రకారము చేయవలసిన సర్వీసులను డీలరు చేతనే చేయించుట మేలు. దీనికి మూడు కారణములు చూపుచున్నాము. మొదటిది, డీలరు పుస్తకములో ముద్రవేసి గంటలు వ్రాసిన సర్వీసునకు రుజువు కలదు. రేపు పెట్టెలో గేరు విఱిగినచో "వేళకు ఆయిలు మార్చలేదు" అను సాకునకు చోటుండదు. రెండవది, ఒక భాగములో తయారీ లోపమున్నట్లు కంపెనీ గుర్తించినచో ఆ సమాచారము ముందుగా డీలరునకే చేరును. మూడవది, యంత్రములే మాఱుచున్నవి. 50 హార్సుపవరునకు మించిన ట్రాక్టరులకు 2023 జనవరి 1 నుండి క్రొత్త పొగ నిబంధనలు అమలులోనికి వచ్చినవి. వానిని పాటించుటకై అట్టి యింజనులలో పెక్కింటిలో డీజిలును కొలిచి పంపు పనిని కంప్యూటరు పెట్టె చేయుచున్నది. దాని రోగమును కనుగొనుటకు తగిన పరికరము కావలయును. చెవితో విని, చేతితో తాకి చెప్పగల నేర్పు ఎంత గొప్పదైనను అచ్చట చాలదు.

ఇట్లు చెప్పినంత మాత్రమున డీలరుల లోపములను మేము కప్పిపుచ్చువారము కాము. వర్కుషాపు పట్టణములో నుండును. పొలము పల్లెలో నుండును. ముప్పది మైళ్ళు ట్రాక్టరును నడుపుకొని పోయిన డీజిలు ఖర్చు, డ్రైవరు కూలి బిల్లులో కనబడవు గాని రైతు సంచిలోనుండియే పోవును. జూను, జూలై మాసములలో అందఱును ఒక్కసారి వచ్చుటచే వరుస పెరుగును. అక్కఱలేని పనులను బిల్లులో చేర్చువారును, అరగని భాగమును మార్చవలెనని భయపెట్టువారును లేకపోలేదు. దీనికి మందు కోపము కాదు, కాగితము. పని యప్పగించునప్పుడు ఏయే పనులు చేయవలెనో జాబుకార్డుపై వ్రాయించి, ఖర్చు అంచనాను ముందుగా తీసికొని, సంతకము చేయవలెను. అందులో లేని పని అవసరమైనచో తమకు ఫోను చేసి అడిగిన పిమ్మటనే చేయవలెనని యందే వ్రాయింపవలెను. మార్చిన పాత భాగములను అడిగి చూడవలెను. సొమ్మిచ్చి మార్పించిన భాగమును ఇంటికి తెచ్చుకొనవలెను. ప్రతి భాగముపైన ముద్రించిన వెలను బిల్లుతో పోల్చుకొనవలెను. బిల్లు లేని చోట పైకము నీయరాదు. ఇన్ని యడుగు రైతును మోసగించుటకు ఎవరికిని ధైర్యము చాలదు.

"బయటివాడు ముట్టిన వారంటీ పోవును" అను మాటను గూర్చి కొంత వివరముగా వ్రాయవలసి యున్నది. కార్ల విషయమున 2014వ సంవత్సరము ఆగస్టులో భారత కాంపిటీషను కమీషను ఒక ముఖ్యమైన తీర్పు నిచ్చినది. 14 కార్ల కంపెనీలు తమ విడిభాగములను, రోగము కనుగొను పరికరములను బయటి మెకానిక్కులకు దొరకకుండ కట్టడి చేయుట తప్పని నిర్ణయించి, మొత్తము సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించినది. బయటివాని దగ్గఱ పని చేయించినంత మాత్రమున వారంటీ మొత్తము రద్దగునను నిబంధనను పెట్టరాదనియు, ఆ బయటి పని చెడుగా చేయుటవలన ఎంత నష్టము కలిగెనో అంత మేరకు మాత్రమే వారంటీని నిరాకరింపవచ్చుననియు ఆ కమీషను ఆదేశించినది. న్యాయమైన మాట. కాని కంపెనీలు ఆ యుత్తరువుపై అప్పీళ్ళకు పోయినవి. పైగా అది కార్లను గూర్చినది. కావున ట్రాక్టరు రైతు దానిని చూచుకొని ధైర్యముతో వారంటీ కాగితమును ప్రక్కకు నెట్టుట వివేకము కాదని మా తలంపు. న్యాయము మన ప్రక్క నుండుట వేఱు; ఆ న్యాయమును సాధించుకొను లోపున పంటకాలము దాటిపోవుట వేఱు.

ఈ పోరాటము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రము 2023లో ఒక శాసనము చేసినది. అది 2024 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. వ్యవసాయ యంత్రములను చేయు కంపెనీలు మరమ్మతునకు వలయు పుస్తకములను, భాగములను, పరికరములను రైతులకును బయటి మెకానిక్కులకును కూడ అందుబాటులో నుంచవలెనని ఆ శాసనము విధించుచున్నది. మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించినప్పుడు, ఎన్నుకొనిన నాలుగు రంగములలో వ్యవసాయ పరికరములను చేర్చినది. అదే సంవత్సరము డిసెంబరులో ఒక పోర్టలును తెఱచినది. పోర్టలు సమాచార మిచ్చును గాని శాసనము చేయు పనిని చేయదు. తన సొమ్ము పెట్టి కొన్న యంత్రమును తనకు నచ్చినవానిచేత బాగుచేయించుకొను హక్కు రైతునకు పూర్తిగా ఉండవలెననునదే మా కోరిక. రైతు సంఘములు ఈ విషయమును ప్రజాప్రతినిధుల దృష్టికి తేవలసియున్నది.

అంతవఱకు చేతిలో నున్న ఆయుధమును వదలరాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమీషనులో ఫిర్యాదు చేయవచ్చును. తన జీవనోపాధికై తానే వాడుకొనుటకు కొన్న రైతు ఆ చట్టమున వినియోగదారుడే. ఫిర్యాదు కారణము కలిగిన రెండేండ్ల లోపున వేయవలెను. అంతకు ముందు 1915 అను నంబరునకు ఫోను చేసిన జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమువారు విని కంపెనీతో మాటలాడుదురు. కాని ఏ కమీషనైనను అడుగునది కాగితములనే. సర్వీసు పుస్తకము, బిల్లులు, జాబుకార్డులు ఒక సంచిలో పెట్టి పట్టాదారు పుస్తకముతో సమానముగా దాచుకొనవలెను.

ఇక ఊరి మెకానిక్కు మాట. అతనిని తక్కువచేసి మాటలాడువారిలో మేము చేరము. నడిరాత్రి పొలములో ట్రాక్టరు నిలిచిన టార్చిలైటు పట్టుకొని వచ్చువాడతడే. పైకము పంటపై నిచ్చెదనన్న ఒప్పుకొనువాడతడే. పాత ట్రాక్టరు ధ్వని విని రోగమును పసిగట్టగలిగిన నేర్పరులు విజయవాడ ఆటోనగరు మొదలు ప్రతి మండల కేంద్రము వఱకు కలరు. వారిలో ననేకులు బడికి పోవలసిన వయసున గ్రీజు పూసికొని గురువుల దగ్గఱ నేర్చినవారు. పంక్చరు, డైనమో, లైటులు, బ్రేకుల బిగింపు, నాగలి, గొఱ్ఱు, రొటవేటరు బ్లేడుల పనులు, వెల్డింగు మొదలైనవి ఇతనిచేత నిర్భయముగా చేయించుకొనవచ్చును. ఇందు వారంటీకి వచ్చు ముప్పు సాధారణముగా తక్కువ. కాని వారంటీ యున్నంత కాలము యింజనును, గేరు పెట్టెను, డీజిలు పంపును, హైడ్రాలిక్కును విప్పనీయరాదు. కంపెనీ ముద్రలు, సీళ్ళు తెగినచో తరువాత వాదించుట కష్టము.

మెకానిక్కు కంటె ఎక్కువ హాని చేయునది నకిలీ వస్తువు. డబ్బాలో విడిగా అమ్ము ఆయిలు, పేరుగల కంపెనీ పెట్టెను పోలిన పెట్టెలో వచ్చు ఫిల్టరు చూచుటకు ఒకటే, వెల సగము. కాని ఆయిలు ఫిల్టరులోని కాగితము నాసిరకమైనచో మురికి వడగట్టబడక బేరింగులలోనికి పోవును. గాలి ఫిల్టరు సరిగా అతుకకపోయినచో దుక్కిలోని దుమ్ము సిలిండరులో చేరి ఆకురాయివలె అరగదీయును. నూఱు రూపాయలు మిగిల్చి యింజను బోరింగునకు వేలు పోయుట కాణి మిగిల్చి కాసు పోగొట్టుకొనుటయే. కావున మెకానిక్కు ఎవరైనను, భాగములను రైతే స్వయముగా బిల్లుతో కొనితెచ్చి యెదుట నిలిచి వేయించుట మేలు. వీలైనంతవఱకు వెల గూర్చి భయపడనక్కఱ లేదు. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టరు టైరుల పైనను, పేర్కొనబడిన కొన్ని భాగముల పైనను పన్ను నూటికి 18 నుండి 5కు తగ్గింపబడినది. ఆ తగ్గుదల మీ బిల్లులో కనబడుచున్నదా యని చూచుకొనుడు.

డీలరు చేయలేనిది, మెకానిక్కు చేయలేనిది, రైతు ఒక్కడే చేయగలిగినది మఱియొకటి కలదు. అది ప్రతిదినపు పోషణ. ఎద్దునకు కుడితి పెట్టనివాడు పశువైద్యునిపై నిందవేసిన నేమి లాభము? తెల్లవాఱగనే యింజను చల్లగా నున్నప్పుడు ఆయిలు కొలత కడ్డీని, రేడియేటరు నీటిని చూడవలెను. ఆయిలు గిన్నెగల గాలి ఫిల్టరైనచో గిన్నెలో చేరిన మట్టిని తీసివేసి గుర్తు వఱకు ఆయిలు పోయవలెను. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలవలెను. నూర్పిడి కాలమున రేడియేటరు జాలిలో చిక్కుకొన్న పొట్టును, గడ్డిని దులుపవలెను. దమ్ము పని ముగిసిన ప్రతిసాయంకాలము ముందు ఇరుసును కడిగి, క్రొత్త గ్రీజు లోనికి పోయి బురద బయటికి వచ్చు వఱకు గ్రీజు పట్టింపవలెను. గేరు పెట్టె ఆయిలు పాలవలె తెల్లబడినచో లోనికి నీరు చేరినదని తెలిసికొని వెంటనే చూపింపవలెను. క్లచ్చి పెడలుపై కాలుంచి నడుపు డ్రైవరును మందలింపవలెను. ఈ పనులకు పట్టునది పావుగంట. ఆపునవి వేల రూపాయల నష్టములు.

వారంటీ ముగిసిన తరువాత మా యభిప్రాయము మాఱును. అప్పుడు గంటల సర్వీసులకు నమ్మకమైన ఊరి మెకానిక్కును ఎన్నుకొనుటయే మంచిది. దగ్గఱగా నుండును, ఖర్చు తగ్గును, మన సొమ్ము మన ప్రాంతములోనే తిరుగును. అయినను డీజిలు పంపునకు, ఇంజెక్టరులకు పరీక్షించు బల్ల కలిగిన ప్రత్యేకపు దుకాణమునకును, కంప్యూటరు పెట్టెకు సంబంధించిన పనికి డీలరునకును పోవలెను. గంటలను, మార్చిన వస్తువులను వ్రాయు అలవాటును మాత్రము వారంటీతో పాటు వదలరాదు. రేపు ట్రాక్టరు నమ్మునాడు ఆ పుస్తకమే దాని వెలను నిలుపును. కారు కొనిన సభ్యులకు కూడ ఇదియే మా సలహా.

కాని ఒంటరి రైతు ఎంత జాగ్రత్తపడినను డీలరు యెదుట ఒంటరియే. సహకారము పుట్టినది ఇందుకొఱకే. 1904లో మన దేశమున సహకార పరపతి చట్టము వచ్చినప్పుడు వడ్డీవ్యాపారి యెదుట రైతు ఒంటరిగా నిలువకుండుటయే దాని యుద్దేశము. నేడు యంత్రము విషయమున నదే యవసరము కలిగినది. 2023 జనవరిలో కేంద్రమువారు రాష్ట్రములకు పంపిన మాదిరి నియమావళి ప్రకారము ప్రాథమిక సంఘములు పరపతి యొక్కటే గాక 25కు పైగా పనులు చేయవచ్చును. అందు యంత్రములను అద్దెకిచ్చు కేంద్రములును కలవు. కావున సంఘములు ఈ పనులను చేపట్టవలెనని సూచించుచున్నాము. సభ్యుల ట్రాక్టరుల గంటలను, సర్వీసు తేదీలను తెలుపు ఒక రిజిష్టరును సంఘ కార్యాలయములో నుంచవలెను. ఆయిలును, ఫిల్టరులను అందఱి కొఱకు ఒక్కసారి బిల్లుతో టోకుగా కొనవలెను. మే మాసములోనే, ఎండలకు పొలములు ఖాళీగా నున్నప్పుడు, డీలరు మనుష్యులను గ్రామమునకు రప్పించి సర్వీసు శిబిరమును జరిపింపవలెను. ఇరువది ట్రాక్టరులు ఒక్కచోట నున్నచో రానని చెప్పు డీలరు అరుదు. ప్రతి సంఘమును ఒకరిద్దరు యువకులను ఎన్నుకొని, అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థకు పంపవలెను. ఆ సంస్థ కేంద్ర ప్రభుత్వమువారిది. అచ్చట శిక్షణ పొందిన యువకుడు ఊరి మెకానిక్కుతో చేయి కలిపినచో అనుభవమును, విద్యయు ఒక్క షెడ్డులో చేరును.

ఇట్లు చేసిన డీలరులతో విరోధము వచ్చునని కొందఱు శంకింతురు. విరోధ మేల? మంచి డీలరునకు ఇది మేలే. వేళకు సర్వీసు జరిగిన యంత్రముపై ఫిర్యాదులు తగ్గును. ఒక్కమాటపై ఇరువది ట్రాక్టరుల పని దొరకును. చెడ్డ డీలరునకు మాత్రమే లెక్క తెలిసిన రైతు కంటిలో నలుసగును. ఊరి మెకానిక్కునకును ఇందు నష్టము లేదు. నకిలీ భాగముల చెడ్డపేరు తొలగి, శిక్షణ పొందిన చేతికి గౌరవము పెరుగును.

కావున సోదర రైతులారా, డీలరా, మెకానిక్కా యని వాదులాడుట మాని, ఏ పని ఎప్పుడు ఎవరిచేత చేయింపవలెనో తెలిసికొనుడు. వారంటీ నాళ్ళలో డీలరును, తరువాత ఊరివానిని, ఎల్లప్పుడును మీ చేతిని, మీ కాగితమును నమ్ముడు. రాబోవు సర్వసభ్య సమావేశమున రిజిష్టరును, మే నెల శిబిరమును గూర్చిన తీర్మానమును ప్రతిపాదింపుడు. తొలకరి మేఘము కనబడిన పిమ్మట ఆలోచించుట ఆలస్యమగును.